గ్రాఫిక్స్ కార్డుల మరమ్మతు: నేర్చుకోదలచినవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పాడైన గ్రాఫిక్స్ కార్డును బాగుచేయడంలో ఎక్కువ సమయం సోల్డరింగుకు పట్టదు, లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికే పడుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవారి చేతుల్లో పూర్తిగా పోయిన కార్డులు నేను చాలా చూశాను. వాటిలో అధికభాగం కొలవకముందే వేడిచేయడం వల్ల పోయినవే. అందువల్ల కింది సమాధానాల్లో వేడిగాలితో సోల్డరును కరిగించే హాట్ ఎయిర్ గురించి తక్కువగా, మల్టీమీటరు గురించి ఎక్కువగా కనిపిస్తుంది.

ఎలక్ట్రానిక్స్ చదవనివారు ఈ పని నేర్చుకోగలరా?

నేర్చుకోగలరు. ఓమ్ సూత్రం, వోల్టేజీకీ కరెంటుకూ ఉన్న తేడా, కెపాసిటర్, కాయిల్, స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ చేసే పనులు అర్థమైతే మొదలుపెట్టడానికి చాలు. వీటికి తోడు బక్ కన్వర్టర్ అనే సర్క్యూట్‌ను మాత్రం ఓపికగా, కాగితం మీద బొమ్మ గీసుకుని మరీ అర్థం చేసుకోవాలి. 12 వోల్టులను సుమారు 1 వోల్టుకు దించి గ్రాఫిక్ చిప్పుకు అందించే ఏర్పాటు అది. అందులో రెండు మాస్‌ఫెట్‌లు ఉంటాయి. పైది 12 వోల్టులను కాయిల్‌కు కలుపుతుంది, కిందిది అదే కాయిల్‌ను గ్రౌండుకు కలుపుతుంది. సెకనుకు కొన్ని లక్షలసార్లు ఈ రెండూ ఒకదాని తరువాత ఒకటి ఆన్, ఆఫ్ అవుతుంటాయి. పైది ఎంతసేపు ఆన్‌లో ఉందన్నదాన్ని బట్టి బయటికి వచ్చే వోల్టేజీ నిర్ణయమవుతుంది. చిప్పు పక్కన వరుసలు తీరి కనిపించే కాయిళ్లు, వాటి వెనకనున్న నల్లటి చిన్న చిప్పులు అన్నీ ఈ ఒక్క సర్క్యూట్‌కు పునరావృతాలే. దీన్ని ఒకసారి పట్టుకోగలిగితే, చూడగానే భయపెట్టే బోర్డు కూడా నాలుగైదు భాగాలుగా విడిపోయి కనిపిస్తుంది.

మొదట ఏయే పనిముట్లు సమకూర్చుకోవాలి?

నమ్మదగిన మల్టీమీటరు ఒకటి, మొన సన్నగా ఉండే ప్రోబులు, భూతద్దం లేదా మైక్రోస్కోపు, ఉష్ణోగ్రతను నియంత్రించుకోగల సోల్డరింగ్ ఐరన్, సోల్డరు సరిగా అంటుకునేలా చేసే మంచి ఫ్లక్స్, బోర్డును శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే మొదటి కొన్ని నెలలు గడిచిపోతాయి. ఆ తరువాత కరెంటుకు హద్దు పెట్టుకోగల బెంచ్ పవర్ సప్లై, హాట్ ఎయిర్ స్టేషన్, బోర్డును కిందినుంచి వేడిచేసే ప్రీహీటర్ అవసరమవుతాయి. థర్మల్ కెమెరా ఉంటే పని వేగంగా సాగుతుంది, లేకపోయినా ఆగదు. ఆసిల్లోస్కోపును మాత్రం తొందరపడి కొననవసరం లేదు. వోల్టేజీ ఉందా లేదా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పలేని దశలో ఆ వోల్టేజీ ఆకారం చూసి ప్రయోజనం లేదు.

లోపం కార్డులోనే ఉందని ఎలా నిర్ధారించుకోవాలి?

పనిచేస్తుందని రుజువైన మరొక కంప్యూటరులో, మరొక కేబులుతో, మరొక మానిటరుతో పరీక్షించాలి. పవర్ సప్లై బలహీనంగా ఉన్నప్పుడు కార్డు బరువైన పని మొదలుకాగానే ఆగిపోతుంది, అది కార్డు లోపంలాగానే కనిపిస్తుంది. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. కార్డు మీద షార్ట్ లేదని మీటరుతో చూసుకున్న తరువాతే దాన్ని మంచి మదర్‌బోర్డులో పెట్టాలి. కంప్యూటరు ఆన్ అయినట్టే అయి వెంటనే ఆరిపోతోందని కార్డు తెచ్చినవారు చెబితే, ఆ మాట షార్ట్‌కు దాదాపు సాక్ష్యమే. అటువంటి కార్డును మళ్లీ మళ్లీ స్లాటులో పెట్టి చూడకూడదు.

కార్డు చేతికి రాగానే ఏం చేయాలి?

ముందు అడగాలి, తరువాత చూడాలి, ఆపైన కొలవాలి. ఎప్పుడు ఆగింది, ఆగినప్పుడు వాసన గాని శబ్దం గాని వచ్చిందా, అంతకుముందు ఎవరైనా విప్పారా, ద్రవం ఏదైనా ఒలికిందా అన్న ప్రశ్నలకు వచ్చే సమాధానాలు గంటల పనిని ఆదా చేస్తాయి. తరువాత హీట్‌సింక్ విప్పి రెండువైపులా మైక్రోస్కోపు కింద పరిశీలించాలి. కాలిన మచ్చ, పగిలిన కెపాసిటర్, స్క్రూ జారి గీసిన గీత, ఊడిపోయిన చిన్న భాగం తాలూకు ఖాళీ ప్యాడ్‌లు, తుప్పు వీటిలో ఏది కనిపించినా ఫొటో తీసుకోవాలి. వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే మెత్తటి థర్మల్ ప్యాడ్‌లు ఏ చోట ఎంత మందంలో ఉన్నాయో కూడా అప్పుడే రాసుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు మందం తేడా వస్తే హీట్‌సింక్ చిప్పుకు ఆనదు, ఒకవేళ ఆనినా మెమరీకి ఆనదు.

కార్డులో విద్యుత్తు ఏ దారిలో ప్రవహిస్తుంది?

పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు నుంచి కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు అందుతాయి. అందులో 12 వోల్టుల మీద 5.5 ఆంపియర్లు, అంటే 66 వాట్లు, మిగిలినది 3.3 వోల్టుల మీద వస్తుంది. అదనంగా 6 పిన్నుల కనెక్టరు 75 వాట్లకు, 8 పిన్నుల కనెక్టరు 150 వాట్లకు, కొత్త 16 పిన్నుల కనెక్టరు 600 వాట్ల వరకు నిర్దేశించినవి.

ఈ విద్యుత్తు ముందుగా ఫ్యూజులను, ఆ తరువాత షంట్ రెసిస్టర్లను దాటుతుంది. షంట్ అంటే కరెంటును కొలవడానికి దారిలో పెట్టిన అతి తక్కువ నిరోధం. దాని మీద ఆర్005 అని ముద్రించి ఉంటే 5 మిల్లీఓములని అర్థం. ఫ్యూజు గాని షంట్ గాని తెగిపోతే ఆ కనెక్టరు నుంచి విద్యుత్తు రాదు, కార్డు కేబులు పెట్టలేదని ఫిర్యాదు చేస్తుంది. ఇది తేలికగా పట్టుబడే లోపం, అయినా చాలామంది దీన్ని వదిలేసి చిప్పు వైపు వెళతారు.

అక్కడినుంచి 12 వోల్టులు అనేక చిన్న వోల్టేజీలుగా మారతాయి. మాస్‌ఫెట్‌లను నడిపించే కంట్రోలర్లకు 5 వోల్టులు, గ్రాఫిక్ చిప్పులోని సహాయక భాగాలకు, చాలా కార్డుల్లో కార్డును మొదలుపెట్టే ప్రోగ్రాము ఉండే బయోస్ చిప్పుకు 1.8 వోల్టులు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ సంకేతాల భాగానికి సుమారు 1 వోల్టు, మెమరీకి జీడీడీఆర్5 అయితే సాధారణంగా 1.5 వోల్టులు, జీడీడీఆర్6 అయితే 1.35 వోల్టులు, గ్రాఫిక్ చిప్పులోని ప్రధాన భాగమైన కోర్‌కు పనిభారాన్ని బట్టి మారుతూ సుమారు 0.7 నుంచి 1.1 వోల్టులు అందుతాయి. ఇవన్నీ ఒకేసారి రావు. చిన్న వోల్టేజీలు సిద్ధమయ్యాక కోర్, ఆ వెంట మెమరీ అన్న రీతిలో ఒకటి సిద్ధమైనట్టు సంకేతం ఇస్తేనే రెండవది మొదలవుతుంది. క్రమం కార్డును బట్టి కొంత మారవచ్చు గాని, గొలుసులాంటి ఈ పద్ధతి మాత్రం మారదు. అందుకే కోర్ వోల్టేజీ రావడం లేదంటే కోర్ సర్క్యూట్ పాడైందని అప్పుడే అనుకోకూడదు. అంతకుముందున్న ఏ లింకు తెగినా అదే లక్షణం కనిపిస్తుంది.

ఏ లైనులో ఎంత నిరోధం ఉండాలి? కోర్ దగ్గర 0.5 ఓము చూపిస్తే షార్ట్ అయినట్టేనా?

కాదు. లైను అంటే ఒక్కో వోల్టేజీ ప్రవహించే దారి. కొత్తవారు ఎక్కువగా తడబడే చోటు ఇదే. పెద్ద గ్రాఫిక్ చిప్పుల్లో కోర్ లైనుకు గ్రౌండుకు మధ్య 1 ఓముకన్నా తక్కువ నిరోధం ఉండడం సహజం. మీటరు కంటిన్యుటీ శబ్దం చేసినంత మాత్రాన అది షార్ట్ కాదు. కోట్ల సంఖ్యలో ట్రాన్సిస్టర్లు ఒకే లైనుమీద సమాంతరంగా ఉన్నప్పుడు నిరోధం అంత తక్కువగానే ఉంటుంది. మెమరీ లైను చాలా కార్డుల్లో పదుల ఓముల్లో, 1.8 వోల్టుల లైను వందల ఓముల్లో లేదా అంతకు మించి, 12 వోల్టుల లైను వేల ఓముల్లో చూపిస్తుంది.

ఈ అంకెలను కూడా గీటురాయిగా పెట్టుకోకూడదు. అదే మోడల్‌కు చెందిన మంచి కార్డు మీద వచ్చిన రీడింగే అసలైన కొలమానం. కాబట్టి చేతికి వచ్చిన ప్రతి మంచి కార్డు మీద కూడా అన్ని లైన్లూ కొలిచి, చిప్పు పేరుతో సహా ఒక పుస్తకంలో రాసుకోవాలని గట్టిగా చెబుతాను. ఏడాది తిరిగేసరికి మీ బల్ల మీద ఉన్న వస్తువుల్లో ఆ పుస్తకమే అన్నిటికన్నా విలువైనదవుతుంది. కొలిచేముందు రెండు ప్రోబులనూ ఒకదానికొకటి తాకించి, అప్పుడు కనిపించే 0.1 లేదా 0.2 ఓమును రీడింగు నుంచి తీసివేయడం మరవకూడదు. కోర్ లైను దగ్గర ఆ స్వల్ప తేడాయే చిప్పు బతికి ఉందో లేదో చెబుతుంది.

12 వోల్టుల లైను షార్ట్ అయింది. ఏ భాగం వల్ల అయిందో ఎలా కనుక్కోవాలి?

సాధారణంగా రెండు కారణాలలో ఒకటి ఉంటుంది. ఒకటి, 12 వోల్టులకూ గ్రౌండుకూ మధ్య ఉన్న సిరామిక్ కెపాసిటర్ లోపల పగిలి షార్ట్ అవడం. రెండు, కోర్‌కు విద్యుత్తునిచ్చే దశల్లో, అంటే పునరావృతమయ్యే బక్ కన్వర్టర్లలో, ఒకదాని పై మాస్‌ఫెట్ షార్ట్ అయి, 12 వోల్టుల లైను నేరుగా కోర్ లైనుకు కలిసిపోవడం. కోర్ నిరోధం ఎలాగూ చాలా తక్కువ కనుక, రెండవ సందర్భంలో కూడా 12 వోల్టుల లైను గ్రౌండుకు షార్ట్ అయినట్టే కనిపిస్తుంది. ఈ రెండింటికీ చికిత్స వేరు, ప్రమాదం కూడా వేరు.

వీటిని విడదీయడానికి మూడు కొలతలు తీసుకోవాలి: 12 వోల్టుల లైను నుంచి గ్రౌండుకు, కోర్ లైను నుంచి గ్రౌండుకు, 12 వోల్టుల లైను నుంచి కోర్ లైనుకు. మూడవ కొలత దాదాపు సున్నా అయి, మొదటిది రెండవదానితో సమానంగా ఉంటే పై మాస్‌ఫెట్ పోయినట్టు. మొదటిది సున్నాకు దగ్గరగా, రెండవదానికన్నా స్పష్టంగా తక్కువగా ఉండి, మూడవది కోర్ నిరోధమంత ఉంటే లోపం కెపాసిటర్‌లో గాని, నేరుగా గ్రౌండుకు కలిసిన మరో భాగంలో గాని ఉన్నట్టు. డీఆర్‌మాస్ అనే ఒకే ప్యాకేజీలో రెండు మాస్‌ఫెట్‌లూ కలిసి ఉన్నచోట రెండూ ఒకేసారి షార్ట్ కావచ్చు. అప్పుడు మూడు కొలతలూ సున్నాకు దగ్గరగా వస్తాయి.

తరువాత బెంచ్ పవర్ సప్లై నుంచి షార్ట్ అయిన లైనులోకి తక్కువ వోల్టేజీ పంపి, ఏ భాగం వేడెక్కుతుందో చూడాలి. ఇక్కడ ఒక్క నియమాన్ని ఎప్పుడూ దాటకూడదు. లైను పేరు 12 వోల్టులే అయినా, పంపే వోల్టేజీ 1 వోల్టును మించకూడదు. పై మాస్‌ఫెట్ షార్ట్ అయి ఉంటే మీరు పంపినదంతా నేరుగా కోర్‌లోకి వెళుతుంది. నేను నేర్చుకుంటున్న రోజుల్లో మూడవ కొలత తీసుకోకుండా 12 వోల్టుల లైనులోకి 5 వోల్టులు పంపాను. షార్ట్ అయిన మాస్‌ఫెట్ దొరికింది, అప్పటిదాకా బతికే ఉన్న చిప్పు మాత్రం ఆ క్షణంలో పోయింది. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల ఎదుట ఉంది.

థర్మల్ కెమెరా లేకపోతే బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను పలుచగా పూయండి. వేడెక్కిన భాగం మీద అది అన్నిటికన్నా ముందు ఆవిరైపోతుంది. కరెంటును 1 ఆంపియరుతో మొదలుపెట్టి, ఏమీ కనిపించకపోతేనే నెమ్మదిగా పెంచాలి. లోపమున్న భాగాన్ని తీసిన తరువాత మూడు కొలతలనూ మళ్లీ తీసుకోవాలి. కోర్ రీడింగు మీ పుస్తకంలోని మంచి కార్డు రీడింగుకు దగ్గరగా వస్తే ఆశ ఉంది. భాగాన్ని తీసేశాక కూడా కోర్ సున్నా దగ్గరే నిలిచిపోతే చిప్పు కాలిపోయి ఉండే అవకాశమే ఎక్కువ.

షార్ట్ ఎక్కడా లేదు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ మాత్రం రాదు. ఇప్పుడు ఏం చేయాలి?

గొలుసును మొదటి లింకు నుంచి పరీక్షించాలి. కార్డుకు విద్యుత్తు ఇచ్చి 12, 5, 3.3, 1.8 వోల్టులు, కోర్, మెమరీ, పీసీఐ ఎక్స్‌ప్రెస్ వోల్టేజీలను అదే వరుసలో కొలవాలి. ఎక్కడ ఆగిందో అక్కడ ఆ కంట్రోలర్‌కు విద్యుత్తు అందుతోందా, దాన్ని పనిచేయించే ఎనేబుల్ సంకేతం వస్తోందా అని చూడాలి. రెండూ ఉండి వోల్టేజీ బయటికి రాకపోతే కంట్రోలరునో, దాని చుట్టూ ఉన్న చిన్న రెసిస్టర్లనో అనుమానించాలి. ఎనేబుల్ రాకపోతే వెనక్కి వెళ్లి అది ఎక్కడ మొదలవుతుందో వెతకాలి.

వోల్టేజీలన్నీ సరిగా ఉన్నప్పుడు మిగిలేవి కొన్నే. మదర్‌బోర్డు నుంచి స్లాటులోని ఏ11 పిన్ను ద్వారా వచ్చే రీసెట్ సంకేతం 3.3 వోల్టులకు చేరుతోందా, చిప్పు పనికి లయను అందించే క్రిస్టల్ కంపిస్తోందా, బయోస్ చిప్పులోని సమాచారం చెడిపోయిందా అన్నవి చూడాలి. ఎన్విడియా కార్డుల మీద ఆ క్రిస్టల్ సాధారణంగా 27 మెగాహెర్ట్జ్‌ది. ఇవి కూడా సవ్యంగా ఉండి కంప్యూటరు కార్డును గుర్తిస్తూ బొమ్మ మాత్రం ఇవ్వకపోతే మెమరీ వైపు తిరగాలి.

తెర మీద చుక్కలు, గళ్లు, రంగు గీతలు వస్తున్నాయి. మెమరీయే కారణమా?

ఒక క్రమంలో పునరావృతమయ్యే గళ్లు, నిలువు గీతలు కంప్యూటరు మొదలైన క్షణం నుంచే కనిపిస్తే చాలావరకు మెమరీయే. అయితే మెమరీ అన్న మాటలో మూడు విషయాలు కలిసి ఉన్నాయి: మెమరీ చిప్పు, దాన్ని బోర్డుకు కలిపే సోల్డర్ గుళికలు, గ్రాఫిక్ చిప్పు లోపల ఉన్న మెమరీ కంట్రోలర్. వీటిలో ఏది పాడైనా తెర మీద కనిపించే బొమ్మ ఒకటే.

ఒక్కొక్క మెమరీ చిప్పు సాధారణంగా 32 బిట్ల దారిని ఆక్రమిస్తుంది. కాబట్టి 256 బిట్ల కార్డు మీద ఎనిమిది, 10 జీబీ ఆర్‌టీఎక్స్ 3080 వంటి 320 బిట్ల కార్డు మీద పది చిప్పులు కనిపిస్తాయి. బొమ్మ కొంతవరకైనా వచ్చే కార్డును మెమ్‌టెస్ట్ వల్కన్ అనే ఉచిత పరీక్షతో చూడవచ్చు. మెమరీలో తప్పులున్నాయా లేదా అన్నది అది చెబుతుంది. ఏ చిప్పులో ఉన్నాయో చెప్పే పరీక్షలు వేరే ఉన్నాయి గాని, వాటిలో కొన్ని తయారీదారులు తమ అంతర్గత అవసరాలకు రాసుకున్నవి, బయటివారి కోసం విడుదల చేసినవి కావు.

ఒక చిప్పు మీద అనుమానం స్థిరపడిన తరువాత వెంటనే కొత్తది వేయకుండా, దాన్ని పక్కనున్న మంచి చిప్పుతో స్థానం మార్చి చూడడం ఉత్తమం. తప్పులు చిప్పు వెంట కొత్త స్థానానికి వెళితే ఆ చిప్పే పాడైంది. తప్పులు పాత స్థానంలోనే మిగిలిపోతే లోపం బోర్డు దారిలోనో గ్రాఫిక్ చిప్పులోనో ఉంది. మార్చడానికి తీసి వేసినప్పుడే తప్పులు మాయమైతే సోల్డర్ గుళికల్లో పగులు ఉండి ఉండాలి. శ్రమ ఎక్కువే అయినా ఈ పద్ధతి ఊహకు చోటు మిగల్చదు. జీడీడీఆర్5 చిప్పు కింద 170, జీడీడీఆర్6 చిప్పు కింద 180 గుళికలుంటాయి. అందువల్ల గుళికలను వాటి స్థానాల్లో అమర్చే రంధ్రాల రేకు, అంటే సరైన స్టెన్సిల్ లేకుండా ఈ పనికి పూనుకోకూడదు.

విండోస్‌లో కోడ్ 43 వస్తోంది. దాని అర్థం ఏమిటి?

పరికరం తనలో లోపముందని తెలిపినందువల్ల విండోస్ దాన్ని ఆపివేసిందని మాత్రమే ఆ సంఖ్య చెబుతుంది. డ్రైవర్లను పూర్తిగా తొలగించి మళ్లీ వేయడం, తరువాత బయోస్ అసలుదేనా అని చూడడం, ఆపైన మెమరీ పరీక్ష అన్నది నేను పాటించే వరుస. క్రిప్టో మైనింగులో వాడిన కార్డుల్లో బయోస్‌ను మార్చి ఉండడం మామూలే, కనుక ఆ ప్రశ్నను ముందే అడగాలి. లినక్స్‌లో ఎన్విడియా కార్డు ఎక్స్‌ఐడీ 79 అనే సందేశం ఇస్తే, కార్డుతో కంప్యూటరుకు సంబంధం మధ్యలో తెగిపోయిందని అర్థం. అప్పుడు విద్యుత్ సరఫరా, స్లాటు, వేడి, సోల్డర్ పగుళ్లు ఈ నాలుగింటినీ పరిశీలించాలి.

16 లేన్ల కార్డు 8 లేదా 4 లేన్ల మీదే పనిచేస్తోంది. ఎందుకు?

లేను అంటే కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య సమాచారం నడిచే ఒక దారి. స్లాటులో దుమ్ము, అంచు పిన్నుల మీద మరకలు లేవని చూసుకున్న తరువాత, అంచుకు కొద్దిగా పైన వరుసగా ఉండే చిన్న కెపాసిటర్లను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాలి. కార్డు నుంచి బయటికి వెళ్లే ప్రతి లేనుకు రెండు చొప్పున, 16 లేన్లకు మొత్తం 32 ఉంటాయి. కార్డును నిర్లక్ష్యంగా పెట్టెలో పడేసినప్పుడు, స్లాటులోకి వంకరగా దూర్చినప్పుడు వీటిలో ఒకటి రెండు ఊడిపోతుంటాయి. అదే విలువ గల కెపాసిటరును డోనర్ బోర్డు, అంటే విడిభాగాల కోసం ఉంచిన పాత బోర్డు నుంచి తీసి ఇక్కడ అతికిస్తే సరిపోతుంది. మొదటి మరమ్మతుగా ఎవరికైనా నేను సూచించేది ఇదే. నష్టభయం తక్కువ, ఫలితం వెంటనే కనిపిస్తుంది. కొన్ని కార్డులను తయారీదారులే 8 లేన్లకు నిర్మించారు కనుక, అసలు నిర్దేశం ఎంతో ముందే తెలుసుకోవాలి.

కార్డును ఓవెన్‌లో పెట్టి వేడిచేస్తే బాగవుతుందంటారు. నిజమేనా?

నిజం కాదు, అయితే ఆ నమ్మకం ఎలా పుట్టిందో తెలుసుకోవడం అవసరం. 2006 జులై 1 నుంచి ఐరోపాలో సీసాన్ని నియంత్రించే నిబంధనలు అమలులోకి వచ్చి, బోర్డుల తయారీ సీసం లేని సోల్డర్ వైపు మళ్లింది. అది జరిగిన కొంతకాలానికే అనేక గ్రాఫిక్ చిప్పులు విఫలం కావడంతో, నేరమంతా సీసం లేని సోల్డర్ గుళికలదేనని, వాటిని కరిగిస్తే చాలునని చాలామంది భావించారు. 2008 జులైలో ఎన్విడియా తన పాత తరం ల్యాప్‌టాప్ చిప్పుల్లో వచ్చిన వైఫల్యాల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నట్టు ప్రకటిస్తూ, సిలికాన్ ముక్కను ప్యాకేజీతో కలిపే పదార్థాల బలహీనతను కారణంగా పేర్కొన్నది. అంటే లోపం చిప్పుకూ బోర్డుకూ మధ్యనున్న గుళికల్లో కాదు, చిప్పు లోపల సిలికాన్ కింద ఉన్న బంపులనే సూక్ష్మమైన సోల్డర్ చుక్కల్లో ఉంది.

వేడిచేసినప్పుడు ఆ భాగాలు వ్యాకోచించి, పగిలిన బంపులు తాత్కాలికంగా మళ్లీ తాకుతాయి. కార్డు కొన్ని రోజులో వారాలో పనిచేసి తిరిగి ఆగిపోతుంది. సీసం లేని సాధారణ సోల్డర్ 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలవుతుంది కనుక, 200 డిగ్రీల వద్ద ఉంచిన ఓవెన్‌లో గుళికలు కరగనే కరగవు. అయినా కార్డు బతికిందంటే అది ఇతర కారణం వల్లనే. పైగా ఆ వేడికి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉబ్బుతాయి, ప్లాస్టిక్ కనెక్టర్లు వంగుతాయి, వంటకు వాడే ఓవెన్ విషపు ఆవిర్లతో నిండుతుంది. ఆ స్థితిలో తాత్కాలికంగా పనిచేస్తున్న కార్డును బాగైందని చెప్పి మరొకరికి అమ్మడం మోసమని నా దృఢమైన అభిప్రాయం.

కార్డు వేడెక్కి వేగం తగ్గిపోతోంది. ఇది బోర్డు లోపమా?

చాలావరకు కాదు. ఎండిపోయిన లేదా అంచులకు జారిపోయిన థర్మల్ పేస్టు, గట్టిపడిన ప్యాడ్‌లు, దుమ్ము పట్టిన హీట్‌సింక్, అరిగిన ఫ్యాన్ బేరింగు కారణాలవుతాయి. చిప్పు సగటు ఉష్ణోగ్రతకూ అందులోని అత్యంత వేడి బిందువుకూ మధ్య తేడా 20 డిగ్రీలు దాటితే పేస్టును గాని బిగింపును గాని అనుమానించాలి. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ 110 డిగ్రీలకు చేరితే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, కనుక అటువంటి కార్డుల్లో ప్యాడ్‌లు మార్చడమే అసలు మరమ్మతు.

16 పిన్నుల పవర్ కనెక్టరు కరిగిపోయింది. దాన్ని మార్చవచ్చా?

మార్చవచ్చు. 2022 చివర్లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డులతో ఈ సమస్య అందరి దృష్టికీ వచ్చింది. ప్లగ్గు పూర్తిగా లోపలికి వెళ్లకపోయినప్పుడు పిన్నుల స్పర్శ తగ్గి, ఆ కొద్దిచోటులోనే వేడి పోగవుతుంది. తరువాత వచ్చిన 12వీ-2×6 రూపంలో సంకేతపు పిన్నులను పొట్టిచేసి, ప్లగ్గు సరిగా కూర్చోనప్పుడు కార్డు విద్యుత్తు తీసుకోకుండా చూశారు. కనెక్టరు పిన్నులు మందమైన రాగి పొరలకు కలిసి ఉంటాయి కనుక వేడిని లాగేసుకుంటాయి. కిందినుంచి ప్రీహీటర్ లేకుండా పీకితే రంధ్రాల లోపలి రాగి పూత ఊడివస్తుంది. కార్డుతోపాటు కేబులును కూడా మార్చాలి, కరిగిన కేబులు కొత్త కనెక్టరును కూడా కరిగిస్తుంది.

బోర్డు పగిలితే?

బరువైన కార్డును ఆధారం లేకుండా నిలిపినప్పుడు స్లాటు కొక్కెం దగ్గర పగులు వస్తుంది. పైపొర దారులు మాత్రమే తెగితే సన్నని రాగి తీగతో కలపవచ్చు. లోపలి పొరలు తెగితే బోర్డును చెక్కుతూ పోవాలి. అనుభవం లేనివారు దాన్ని విడిభాగాల కోసం ఉంచుకోవడం మంచిది.

బయోస్ చిప్పును తిరిగి రాయడంలో జాగ్రత్తలేమిటి?

చిప్పు మీది నంబరు చదివి, అది 1.8 వోల్టులదో 3.3 వోల్టులదో తెలుసుకోకుండా ప్రోగ్రామర్‌కు, అంటే చిప్పును చదివి రాసే పరికరానికి కలపకూడదు. సీహెచ్341ఏ వంటి సాధారణ ప్రోగ్రామర్‌ను 1.8 వోల్టుల చిప్పుకు వాడాలంటే మధ్యలో అడాప్టర్ పెట్టాలి. రాయడానికి ముందు ఉన్న సమాచారాన్ని రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనని చూసి భద్రపరచాలి. మోడల్ పేరు ఒకటే అయినా మెమరీ తయారీదారు వేరైతే బయోస్ సరిపడకపోవచ్చు.

సోల్డరింగ్ సాధన ఎలా చేయాలి?

పూర్తిగా పోయిన బోర్డుల మీద. వారం రోజులపాటు చిన్న కెపాసిటర్లను తీసి మళ్లీ అదే చోట పెట్టండి, ఆ తరువాత ఎనిమిది కాళ్ల చిప్పులకు, ఆపైన డీఆర్‌మాస్‌లకు, చివరగా మెమరీ చిప్పులకు వెళ్లండి. పాత సోల్డర్ కరగనప్పుడు వేడి పెంచే బదులు, 183 డిగ్రీలకే కరిగే 63-37 నిష్పత్తిలోని తగరం, సీసం సోల్డర్‌ను దానిలో కలిపితే మొత్తం మిశ్రమం తక్కువ వేడికి లొంగుతుంది. చిప్పు తనంతట తాను కదిలే వరకు ఆగాలి, పట్టకారుతో లాగకూడదు. లాగితే దానితోపాటు ప్యాడ్‌లు కూడా వస్తాయి. తేమ పీల్చుకున్న చిప్పును ఒక్కసారిగా వేడిచేస్తే లోపలి ఆవిరి దాన్ని చీలుస్తుంది కనుక, చాలాకాలం బయట ఉన్న చిప్పులను, బోర్డులను ముందుగా తక్కువ వేడిలో కొన్ని గంటలు ఆరబెట్టాలి. గ్రాఫిక్ చిప్పునే మార్చడం మాత్రం ప్రత్యేక యంత్రం, ఎంతో సాధన కోరే పని, మొదటి ఏడాది దాని జోలికి వెళ్లకండి.

ఏ ప్రమాదాల గురించి తెలిసి ఉండాలి?

పవర్ సప్లై పెట్టెను ఎప్పుడూ విప్పకూడదు. గోడ ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలోని పెద్ద కెపాసిటరులో సుమారు 400 వోల్టులు నిలిచి ఉండవచ్చు. ఫ్లక్స్ పొగను పీల్చకుండా ముఖానికి దూరంగా లాగే ఫ్యాను ఉండాలి. సీసం ఉన్న సోల్డర్ వాడిన తరువాత చేతులు కడుక్కోకుండా ఏదీ తినకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సులువుగా అంటుకుంటుంది, కనుక హాట్ ఎయిర్ వాడే బల్ల మీద మూత తీసిన సీసా ఉండకూడదు.

మరమ్మతు పూర్తయిన కార్డును ఎంతసేపు పరీక్షించాలి?

బొమ్మ రాగానే పని అయిపోయిందని అనుకోవద్దు. మొదట కొన్ని గంటలు భారం లేకుండా, తరువాత కొన్ని గంటలు పూర్తి భారంతో, ఆపైన భారాన్ని పెంచుతూ తగ్గిస్తూ నడిపించాలి. పూర్తిగా చల్లారాక మళ్లీ ఆన్ చేసి చూడాలి, ఎందుకంటే సోల్డర్ పగుళ్లు వేడిగా ఉన్నప్పుడు దాగి, చల్లారినప్పుడు బయటపడతాయి. మెమరీ పరీక్షను తప్పులు లేకుండా పూర్తిచేయాలి, అన్ని డిస్‌ప్లే పోర్టులకూ మానిటరు పెట్టి చూడాలి, లేన్ల సంఖ్య సరిగా ఉందో లేదో చదవాలి. కొత్తగా వేసిన మాస్‌ఫెట్ పక్కనున్న వాటికన్నా ఎక్కువ వేడెక్కుతుంటే కార్డును తిరిగి ఇవ్వకుండా మళ్లీ విప్పాలి. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు, విద్యుత్తు తీసేసి, ప్రతి లైను నిరోధాన్నీ చివరిసారిగా కొలిచి, ఆ కార్డు పేరు పక్కన పుస్తకంలో రాసుకోండి.